బాలవినోదము: బొంగరముల పోరులు

పిల్లలున్న యిండ్లలో బేబ్లేడు అను పేరు వినని తల్లులు అరుదు. భోజనమునకు రమ్మని మూడుమారులు పిలిచినను పలుకని పిల్లవాడు, వసారాలో ఒక పళ్ళెము ముందు చతికిలబడి, ‘త్రీ, టూ, వన్, గో షూట్’ అని కేక వేసి చిన్న బొంగరమును వదలును. దాని నెదుర్కొనుటకు ప్రక్కయింటి పిల్లవాని బొంగరము వచ్చును. రెండును కొట్టుకొనును. ఒకటి పడిపోవును. ఒకడు గంతులు వేయును, ఒకడు మొగము ముడుచుకొనును. ఒక్కొక్కప్పుడు ఏడ్పులును, జుట్టుపట్లును గూడ కలుగుచుండును.

ఈ ఆటను లోకమంతట వ్యాపింపజేసినది జపాను దేశపు బొమ్మల చలనచిత్రమాలిక. అట్టివానిని యానిమే అందురు. ఏ భాగము చూచినను బొంగరము మీద బొంగరము పడుటయే కదా, ఇది పిల్లలకు కలహబుద్ధిని నేర్పదా యని తల్లులు శంకించుట సహజము. ఆ శంకకు సమాధానము ఆ పోరులలోనే వెదకవలెను. కావున ఈ మాసమున ఆ మాలికలోని మరపురాని పోరులను కొన్నిటిని మా సోదరీమణుల ముందుంచుచున్నాము. మాకు తోచిన సంగతిని ముందే చెప్పెదము. ఈ పోరులలో ఎవడు గెలిచెనన్నది చిన్న విషయము. ఓడినవాడు ఆ పిమ్మట ఏమి చేసెను, గెలిచినవాడు వానినెట్లు చూచెను అన్నదే పెద్ద విషయము.

ఆట పుట్టుక

జపానులో పూర్వము పిల్లలు ‘బై’ అను సముద్రపు గుల్లలలో ఇసుక నింపి, మైనముతో మూసి, త్రాటితో చుట్టి బొంగరములవలె త్రిప్పెడివారు. జపాను భాషలో బొంగరమును ‘కొమా’ యందురు. ఆ రెండు మాటలు కలసి ఈ ఆటకు ‘బేగోమా’ యను పేరు వచ్చినది. తరువాత గుల్లలకు మారుగ ఇనుమును పోతపోసి వాడిరి. పీపా మీద గుడ్డ బిగించి, దానిని కొంచెము పల్లముగా నుంచి, ఆ గుడ్డపై రెండు బొంగరములను వదలెడివారు. ఏది వెలుపలికి నెట్టబడునో, ఏది ముందు నిలిచిపోవునో అది ఓడినట్లు. ఓడినవాని బొంగరమును గెలిచినవాడు తీసికొని పోవు వాడుకయు నుండెను. దీనిని జూదమని తలచి కొన్ని పాఠశాలలలో ఈ ఆటను నిషేధించిరి.

మన యూళ్ళ బొంగరములాటలోను ఇట్టిదే యొక కఠినమైన నియమము కలదు. ఓడినవాని బొంగరమును నేలపై గీసిన గిరిలో నుంచి, తక్కినవారు తమ బొంగరముల మేకులతో దానిని పొడుచుదురు. గాట్లుపడిన బొంగరమును చేతబట్టుకొని ఇంటికి వచ్చిన తమ్ముని కన్నీరు తుడిచిన అక్కలు మా పాఠకురాండ్రలో ఎందరో యుందురు. ఓటమిని ఎట్లు భరింపవలెనన్న ప్రశ్న బొంగరముతోనే పుట్టినది కాబోలు.

ఆ పాత ఆటకు 1999లో టకారా అను జపాను బొమ్మల సంస్థ క్రొత్త రూపమిచ్చెను. అదే బేబ్లేడు. దీనిని విడదీసి, భాగములను మార్చి మరల బిగింపవచ్చును. త్రాటికి మారుగ పండ్లుగల ప్లాస్టిక్ పట్టీని లాగినచో బొంగరము గిఱ్ఱున తిరుగుచు దిగును. ఆ సంవత్సరమే తకావొ అవొకి అను చిత్రకారుడు ‘కొరొకొరొ కామిక్’ అను బాలపత్రికలో దీనిని గూర్చి బొమ్మలకథను ప్రారంభించెను. 2001 జనవరి 8న టీవీ టోక్యోలో చలనచిత్రమాలిక మొదలయ్యెను. మొదటి మాలిక 51 భాగములు, 2002 నాటి రెండవది 51, 2003 నాటి మూడవది 52, వెరసి 154 భాగములు. కెనడాకు చెందిన నెల్వానా సంస్థ దానిని ఆంగ్లములోనికి మార్చెను. మన దేశమున కార్టూన్ నెట్‌వర్క్ ద్వారా మన పిల్లలు దానిని చూచిరి. వారిలో కొందరు నేడు తామే తల్లులును తండ్రులునై యున్నారు.

కథానాయకునికి జపాను భాషలో రచయిత పేరే, తకావొ. మన పిల్లలెరిగిన పేరు టైసన్. తక్కినవారిని గూడ మన పిల్లలెరిగిన పేర్లతోనే చెప్పెదము.

బొంగరములోని కిటుకు

పోరులను తెలిసికొనుటకు కొంచెము బొంగరపు శాస్త్రము కావలెను. వడిగా తిరుగు వస్తువు తన యిరుసు దిక్కును సులభముగ మార్చుకొనదు. బొంగరము నిటారుగ నిలుచుటకు కారణమిదియే. మొన నేలతో రాచుకొనుటవలనను, గాలి అడ్డుటవలనను వేగము తగ్గగా, అది తూలి పడును. సన్నని మొనగల బొంగరము నడుమ కదలక చాలసేపు తిరుగును. వెడల్పైన మొన కలది పళ్ళెమంతట పరుగులెత్తి ఎదుటిదానిని తాకును గాని త్వరగా అలసిపోవును. బరువుగ నుండి త్రోపునకు కదలనిది మూడవ రకము. దాడి చేయునది దీర్ఘకాలము తిరుగుదానిని పడగొట్టును. దీర్ఘకాలము తిరుగునది బరువుదానికంటె ఎక్కువసేపు నిలుచును. బరువుది దాడికి చలింపదు. ఏ ఒక్కటియు అన్నిటిని గెలువలేదు.

ఇంకొక విశేషము. ఒకే దిక్కుగ తిరుగు రెండు బొంగరములు తాకినచో, తాకినచోట వాని అంచులు ఎదురెదురుగ పోవును. కావున దెబ్బ గట్టిగ తగిలి రెండును దూరముగ ఎగురును. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరుగుచున్నచో అంచులు ఒకే వైపునకు పోవును. అప్పుడు దెబ్బ మెత్తనిది. వడిగలదాని వేగము కొంత వడిలేనిదానికి సంక్రమించును.

నిజమైన బొంగరము కొలది నిమిషములలో నిలిచిపోవును. చిత్రములో మాత్రము ఒక్క పోరు ఒక భాగమంతయు, ఒక్కొక్కప్పుడు రెండు మూడు భాగములు సాగును. బొంగరమునుండి దివ్యమృగము లేచి గర్జించును. టైసన్ బొంగరములో డ్రాగూన్ అను నాగము, కై అను బాలుని బొంగరములో డ్రాన్జర్ అను అగ్నిపక్షి, రే బొంగరములో డ్రైగర్ అను తెల్లపులి, మాక్స్ బొంగరములో డ్రాసియల్ అను తాబేలు. ఇవి చీనా దేశపు పురాణములలో నాలుగు దిక్కులను కాచు నాలుగు దేవతామృగములకు ప్రతిరూపములు. పురాణశ్రవణమునకు అలవాటుపడిన మన యిండ్లలో ఈ కల్పన వింతగా తోచదు. అస్త్రమును మంత్రించి వదలుట మన పిల్లలెరిగినదే.

ఓడినవాడే నాయకుడు

మొదటి మరపురాని పోరు టైసనునకును, కైకిని జపానులో జరిగినది. టైసన్ తాతగారి యొద్ద పెరిగినవాడు. ఆ తాత కత్తిసాము నేర్పు గురువు. పిల్లవాడు తిండిపోతు, వాగుడుకాయ, మనసు మంచిది. కై మితభాషి, గర్విష్ఠి, అప్పటికే విజేతయని పేరుగాంచినవాడు. అంతిమపోరున టైసన్ గెలిచెను. కథ అంతటితో ముగిసినచో అది సామాన్యమైన కథయే యగును. కాని ఆటల సంఘాధ్యక్షుడైన డికెన్సన్ గారు ఈ యిద్దరిని, రేను, మాక్సును కలిపి బ్లేడ్‌బ్రేకర్స్ అను ఒక జట్టుగ కూర్చి, నాయకత్వమును ఓడిన కైకి అప్పగించెను. గెలిచినవాడు ఓడినవాని యాజ్ఞకు లోబడవలసి వచ్చినది. ఒకనాటి గెలుపు వేఱు, పదిమందిని నడిపించు నేర్పు వేఱు అని పిల్లలకు దీనివలన తెలియును. ఇంటిలో చిన్నవాడు పరీక్షలో అన్నను మించిన మార్కులు తెచ్చినను, అన్న అన్నయే కదా!

తోటివానితో పోరు

రెండవది చీనాలో జరిగినది. రే ఒక కొండపల్లెలో పుట్టినవాడు. ఆ పల్లె తరతరములుగ కాపాడుకొనుచు వచ్చిన తెల్లపులి రేకు దక్కెను. తనకు దక్కునని నమ్మియున్న లీ అను చెలికాడు మనసు చిన్నబుచ్చుకొనెను. రే లోకము చూడగోరి పల్లెను విడిచి వెళ్ళుటతో, అది ద్రోహమని పల్లెవారు తలచిరి. ఆసియా పోటీలో రే ఆ చిన్ననాటి చెలికాండ్రకే ఎదురు నిలువవలసి వచ్చెను. వారిలో మరియా అను బాలికయు గలదు. ఆమెకు కోపము నుండెను, ఆపేక్షయు నుండెను. నడుమ ఒకమారు పులి రే బొంగరమును విడిచిపోయెను. తాను ఏ పక్షమున నిలువవలెనో తెలియని మనసులో బలమెట్లు నిలుచును?

రేకును లీకిని జరిగిన పోరున రే గెలిచెను. అతడు గెలిచినది బొంగరపు పందెము మాత్రము కాదు, పోయిన స్నేహమును గూడ. పల్లెవారు వాని పయనములోని యర్థమును గ్రహించిరి. పై చదువులకో ఉద్యోగమునకో ఊరు విడిచిన కుమారుని తలచుకొని నొచ్చుకొనెడి తల్లులకు ఈ కథలోని బాధ తెలిసినదే. వెళ్ళినవాడు మరచెనని ఇంటివారును, ఇంటివారు తన్ను వెలివేసిరని వెళ్ళినవాడును తలచుట ఎంత సులభము! ఇద్దరును ఎదురెదురుగ నిలిచి మనసులోని మాట పైకి తెచ్చుకొనుటకు ఇచ్చట బొంగరము సాధనమైనది.

ఎదుటి పక్షమున తల్లి

అమెరికాలో జరిగిన పోటీలో తల్లులు గమనింపదగిన సందర్భ మొకటి యున్నది. మాక్స్ తండ్రితో జపానులో నుండును. వాని తల్లి జూడీ అమెరికాలో శాస్త్రజ్ఞురాలు. ఆమె పనిచేయునది ఎదుటి జట్టుకొఱకే. కొడుకు జట్టు బొంగరములను గూర్చి పరిశీలించి, తన జట్టును గెలిపించుట ఆమె యుద్యోగధర్మము. తల్లి తనను మెచ్చవలెనని కొడుకు ఆశ. ఆమెను క్రూరురాలిగ చిత్రింపక, పనియందు శ్రద్ధయు, కొడుకుపై ప్రేమయు రెండును గల స్త్రీగ చూపుట మెచ్చదగినది. అమ్మ పనిలో నున్నప్పుడు తనపై ప్రేమ తగ్గినదని పిల్లవాడు తలచుట, అట్లు కాదని మెల్లగ తెలిసికొనుట, ఈ రెండును ఇందు గలవు.

పగిలిన మంచు

అందరును మెచ్చునది రష్యా దేశపు ఘట్టము. కై బాల్యమును మాస్కోలోని యొక మఠములో గడపినవాడని అప్పుడు తెలియును. పేరునకు మఠమే గాని, అది బోరిస్ అను వాని శిక్షణాగారము. అచ్చట పిల్లలకు గెలుపు తప్ప వేఱొకటి నేర్పరు. కై తాతయైన వోల్టేర్ దానికి వెనుక నున్నవాడు. ‘నల్ల డ్రాన్జర్’ అను కృత్రిమశక్తిని చూపి కైని ఆశపెట్టిరి. దానితో ఎవ్వరినైనను ఓడింపవచ్చును. కై స్నేహితులను విడిచి ఆ శక్తిని పట్టుకొనెను.

బైకాల్ సరస్సు ప్రపంచములోని సరస్సులలో మిక్కిలి లోతైనది, 1,642 మీటర్లు. గడ్డకట్టిన ఆ నీటిపై కై ఒకవైపు, టైసనును మాక్సును ఒకవైపు నిలిచి పోరాడిరి. కై ఓడెను. కాలిక్రింది మంచు పగిలి అతడు మునుగుచుండగా, తాను వంచించిన చెలికాండ్రే చేయి చాచిరి. ఆ చేయి పట్టుకొనుటకు కై మనసొప్పక క్షణకాలము తటపటాయించును. ఈ మాలికలో ఇంతకంటె గొప్ప ఘట్టము లేదని మా యభిప్రాయము. తప్పు చేసినవానికి సాయము చేయుట కష్టమే. తప్పు చేసి సాయము నందుకొనుట అంతకంటె కష్టము. అభిమానము అడ్డువచ్చును. కై చేయి పట్టుకొనెను. తరువాత తన పాత డ్రాన్జరుతో జట్టులో చేరెను.

దీనిని చూచిన పిల్లవాడు అలిగి మూల కూర్చున్నప్పుడు, చేయి చాచువారు ముందుగ ఎవరు కావలెనో పెద్దలకును తెలియవలెను.

గాలి దెబ్బలు

మాస్కో నగరమున అంతిమపోరు జరిగెను. మొదట కై స్పెన్సర్ చేతిలో ఓడెను. రెండవది రేకును బ్రయన్ అను వానికిని జరిగినది. బ్రయన్ బొంగరము గాలిని కత్తివలె విసరి, బొంగరమును విడిచి ఎదుటి మనిషినే గాయపరచును. చిన్నపిల్లలు చూచుటకు ఈ ఘట్టము కొంత కఠినమైనదే. రే రక్కులతో, చినిగిన దుస్తులతో, నిలువలేక నిలువలేక నిలిచి తుదకు గెలిచి, ఆసుపత్రికి మోయబడెను. గెలువవలెనన్న పట్టుదల వానికి నుండెను గాని ఎదుటివానిని గాయపరుపవలెనన్న కోరిక లేదు. బ్రయనునకు రెండవది యుండెను. ఆట యనునది, కలహ మనునది ఇచ్చట వేఱువేఱుగ కానవచ్చును. ‘కలహము నేర్పునా’ యని యడుగు తల్లులకు మేము చూపదగిన ఘట్టమిదియే. పిల్లలు బ్రయనును మెచ్చరు. రే లేచి నిలుచునా యని గుండెలు బిగబట్టుకొని చూతురు.

మూడవ పోరున టైసన్ టాలాను గెలిచి జగజ్జేత యయ్యెను. మఠములో పెరిగిన ఆ రష్యా బాలురును దుర్మార్గులు కారు, దుర్మార్గమైన పెంపకమునకు గురియైనవారు. వారిలో కొందరు తరువాతి కథలో మంచివారై తిరిగి వత్తురు.

యంత్రబాలుడు

రెండవ మాలికలో జియో అను బాలుడు టైసనుతో చెలిమి చేయును. వయొలిన్ వాయించును, మృదువుగ మాటలాడును. తాను మనిషిని కానని, చనిపోయిన కుమారుని మరువలేక ఒక తండ్రి నిర్మించిన యంత్రమునని వానికి తెలియవచ్చును. దివ్యమృగముల నాలుగిటిని సంపాదించినచో నిన్ను నిజమైన మనిషిగ చేయుదునని తండ్రి జాగార్ట్ ఆశచూపెను. కావున స్నేహితునికే శత్రువై నిలువవలసి వచ్చెను.

ఇందు దుష్టుడెవ్వడు? బిడ్డను పోగొట్టుకొన్న తండ్రియా? మనిషి కాగోరిన యంత్రమా? పిల్లల చిత్రములో ఇట్టి ప్రశ్న అరుదు. టైసన్ పోరున గెలిచెను. కాని జియో చెలిమిని త్రోసివేయలేదు. యంత్రమైనను స్నేహము చేయగలిగినవాడు స్నేహితుడే యని వాని నమ్మకము. ఒక బిడ్డ స్థానమున మరియొక బిడ్డను నిలిపి, అదే మాట, అదే నడక కోరుట ఆ రెండవ బిడ్డకు ఎంత భారమో ఈ కథవలన తోచును. దీనిని పిల్లలకంటె పెద్దలు చూడవలెను.

ఓటమి నెరుగని బాలుడు

మూడవ మాలికలో స్నేహితులందరు టైసనును విడిచి వేఱు జట్లకు పోయిరి. రే తన పల్లెవారి కడకు, మాక్స్ తల్లి జట్టునకు, కై రష్యావారి కడకు. టైసన్ కోపించెను. కాని వారు విడిచినది ద్వేషమువలన గాదు. వాని ప్రక్కన నున్నంతకాలము వానితో సమముగ పోరాడు నవకాశము లేదు. ఎదుట నిలిచి తమ్ము తాము పరీక్షించుకొనవలెనని వారి కోరిక. కైకిని టైసనునకును జరిగిన అంతిమపోరు మిగుల దీర్ఘమైనది, తీవ్రమైనది. టైసన్ గెలిచెను. ఇరువురికిని ఒకరిపై నొకరికి గౌరవము హెచ్చెను.

అటుపిమ్మట బ్రూక్లిన్ అను బాలుడు వచ్చును. పూలను పక్షులను చూచుచు తోటలో పండుకొనువాడు. అభ్యాసము చేసి యెరుగడు. పుట్టుకతోనే ప్రతిభ గలవాడు. ఎన్నడును ఓడలేదు. మొదట కైని గూడ నవ్వుచు ఓడించెను. కై అవమానముతో పోయి, మరల సాధన చేసి, రెండవమారు వానితో తలపడెను. పడి లేచి, మరల పడి, తన సర్వస్వమును ఒడ్డి గెలిచెను.

ఆ క్షణమున బ్రూక్లిన్ మొగము చూడవలెను. ఓటమి యనగా నేమో వానికి తెలియదు. దానిని ఎక్కడ నుంచుకొనవలెనో తెలియదు. మనసు చెదరి, సర్వమును ధ్వంసము చేయ బూనెను. మాలిక చివర టైసన్ వానితో పోరాడినది వానిని ఓడించుటకంటె వానిని ఆ చీకటినుండి వెలికి తెచ్చుటకే.

ఈ ఇరువురు బాలురను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. కై మొదటి మాలికనుండి ఎన్నిమార్లు ఓడెను! టైసను చేతిలో, మంచుసరస్సుపై, స్పెన్సరు చేతిలో, బ్రూక్లిను చేతిలో. ఆ ఓటములన్నియు వానిని గట్టిపరచినవి. బ్రూక్లినునకు ఒక్క ఓటమి చాలినది. మన పిల్లవాడు ఏడ్చునేమోనని చదరంగములో తెలిసి తెలిసి తప్పెత్తు వేసి గెలిపించు తాతలు, ‘మావాడే మొదటివాడు’ అని నలుగురిలో చెప్పు తల్లులు ఈ పోరును ఒకమారు చూచిన మంచిది. చిన్నతనమున చిన్న ఓటములు చవిచూడనివానికి పెద్దతనమున తొలి ఓటమియే పెద్దదగును. పరీక్ష తప్పిన పిల్లల దుర్వార్తలు పత్రికలలో చదివి మనము కంటతడి పెట్టుచున్నాము కదా. పిల్లవానికి ఓడుట నేర్పుట గెలుచుట నేర్పుటకంటె ముందు జరుగవలసిన పని.

మరియొక తరము

ఆ కథ అంతటితో ఆగలేదు. 2009లో వేఱు పాత్రలతో లోహపు బొంగరముల మాలిక వచ్చెను, 2016లో ‘బరస్ట్’ అను మాలిక వచ్చెను, 2023లో ‘ఎక్స్’ అనునది మొదలయ్యెను. 2009 నాటి కథకు నాయకుడు గింగా. వానికి ఎదురు నిలిచిన ర్యూగా గర్వమునకు పెట్టినది పేరు. ఎవ్వరితోను చేరడు. ఆ కథ తుది ఖండము 2011, 2012 సంవత్సరములలో ప్రసారమయ్యెను. అందు కెంటా అను చిన్నవాడు ర్యూగాను తమ పక్షమునకు రమ్మని బ్రతిమాలుచు, ఎన్ని యీసడింపులు పడినను విడువక వెంట తిరుగును. తుదకు ర్యూగా మహాశత్రువుతో పోరాడి ఓడి, తన యొద్దనున్న నక్షత్రశక్తిని ఆ చిన్నవానికి ఇచ్చి అంతర్ధానమగును. ఎవ్వరికిని ఏమియు ఈయనివాడు ఓటమి క్షణమున తన సర్వస్వమును ఇచ్చినాడు. ఆ చిన్నవాని ఓర్పు వృథ కాలేదు.

కొన్ని లోపములు

మేము ఈ చిత్రములను నిర్దోషములని చెప్పము. ఇవి బొమ్మలు అమ్ముటకు పుట్టినవి. కథలో ప్రతి కష్టమునకు క్రొత్త బొంగరము పరిష్కారమగుట, అది వెంటనే అంగడిలో కనబడుట యాదృచ్ఛికము కాదు. పాత బొంగరముతో గెలువలేనని పిల్లవాడు మారాము చేయుట దీని ఫలమే. అప్పుడు కైని జ్ఞప్తి చేయవచ్చును. క్రొత్త శక్తి వానిని సరస్సులో ముంచినది, పాత బొంగరమే వానితో మిగిలినది.

బాలికలకు ఇందు చోటు తక్కువ. మరియా, ఎమిలీ, మింగ్‌మింగ్ మున్నగువారు చక్కగ ఆడుదురు గాని నిర్ణయాత్మకమైన పోరులు మగపిల్లలకే దక్కును. కావున ఇంటిలో ఆడునప్పుడు ఆడపిల్లను ప్రక్కకు త్రోయకుండ చూచుట మన పని. బొంగరమునకు ఆడ మగ తెలియదు.

జాగ్రత్తలును కొన్ని గలవు. చిన్న భాగములు పసిపిల్లల నోటికి పోవును. కావున పాకు బిడ్డ యున్న గదిలో ఈ ఆట తగదు. లోహపు బొంగరము ఎగిరి కంటికి తగులవచ్చును. పళ్ళెము అంచు ఎత్తుగ నుండవలెను, మొగములు దానిపైకి వంచి చూడరాదు. ఓడినవాని బొంగరము వానికే యుండవలెనని ముందే నియమము పెట్టవలెను.

ఇక తల్లులకు మా మనవి యొక్కటి. పిల్లవాడు ఆడి వచ్చినప్పుడు ‘గెలిచితివా?’ యని మనము అడుగుట వాడుక. ఆ ప్రశ్న వినివిని, ఓడినవాడు ఇంటికి వచ్చుటకే జంకును. దానికి మారుగ ‘ఎవరెవరు ఆడితిరి? ఓడినవాడు ఏమనెను? రేపు మరల ఆడుదురా?’ యని అడిగి చూడుడు. మొదట పిల్లవాడు వింతగా చూచును. నాలుగు దినములకు తానే చెప్పసాగును. వాడు చిత్రము చూచుచున్నప్పుడు ఒక్క భాగమునకైనను ప్రక్కన కూర్చుండుడు. కేకలును, గర్జనలును మీకు విసుగు పుట్టించిన పుట్టించుగాక. పోరు ముగిసిన పిమ్మట ఓడిన బాలుడు తన బొంగరమును వంగి తీసికొను ఘట్టము వచ్చును. ఆ క్షణమున మీ పిల్లవాని మొగము చూడుడు. వాడు ఎవరి పక్షమున నున్నాడో మీకు తెలియును. మాటలాడుటకు అదియే సమయము.